రూపకల్పన విద్యలో కొలబద్ద, దిద్దుబాటు

లెక్కల పరీక్షలో జవాబు తప్పితే ఎక్కడ తప్పినదో విద్యార్థి వెదకి తెలుసుకొనగలడు. చరిత్ర పరీక్షలో సంవత్సరము మరచినవాడు ఇంటికి పోయి పుస్తకము తెరచి చూచుకొనగలడు. కాని ఒక కుర్చీకో, ఒక ఇంటికో, ఒక పుస్తకపు అట్టకో రూపము కల్పించి తెచ్చిన విద్యార్థికి నూటికి 45 మార్కులు వచ్చినప్పుడు, ఆ 45 దేనికి వచ్చినవో, మిగిలిన 55 ఎక్కడ పోయినవో చెప్పగల పుస్తకము ఏదియు లేదు. రూపకల్పనలో సరియైన జవాబు ఒక్కటే ఉండదు. ఒకే పనికి ఇద్దరు విద్యార్థులు పూర్తిగా వేరువేరు రూపములను తేవచ్చును; రెండును మంచివి కావచ్చును, రెండును చెడ్డవి కావచ్చును. అట్టి చోట మార్కు దేనినిబట్టి వేయవలెను? వేసిన మార్కువలన విద్యార్థి నేర్చుకొనునది ఏమి? ఈ రెండు ప్రశ్నలను గురించి కొంత ఆలోచింతము.

ఈ విషయము మనకెందుకు?

ఇది బోథ్ వంటి ఊరికి సంబంధించిన విషయము కాదని కొందరు అనుకొనవచ్చును. నిజమునకు పెద్ద నగరములవారికంటె మనకే దీని అవసరము ఎక్కువ. హైదరాబాదులో 1940లో నెలకొన్న కళా, చేతిపనుల పాఠశాల కాలక్రమమున పెరిగి, 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయముగా రూపొందినది. అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ 1961లో ఏర్పడినది. హైదరాబాదులో నిఫ్ట్ శాఖ 1995లో ప్రారంభమైనది. బొమ్మ గీయగల చేయి, వస్తువును చూడగల కన్ను ఉన్న పిల్లలు మన ప్రాంతమున తక్కువ కాదు. వారిలో కొందరైనా ఇట్టి విద్యాలయములకు పోవలెననియే మనమందరము కోరుకొంటాము.

అక్కడికి పోయిన విద్యార్థి ఎదుర్కొను మొదటి పరీక్ష జ్యూరీ. తాను వేసిన చిత్రములను గోడకు తగిలించి, నలుగురు అధ్యాపకుల ముందు నిలిచి, తన పనిని తానే వివరించవలెను. వాస్తుశిల్పి ఇంట పుట్టిన పిల్లవాడు ఆ నలుగురు ఏమి చూస్తారో చిన్ననాటినుండి వింటూ పెరిగినాడు. తెలుగు మాధ్యమములోనో ఉర్దూ మాధ్యమములోనో చదివి, పత్తిచేల నడుమనుండి వచ్చిన పిల్లవానికి ఆ సంగతి చెప్పినవారు లేరు. ఇద్దరికిని ప్రశ్నపత్రము ఒక్కటే. కాని ఏది చూచి మార్కు వేస్తారన్నది ఒకరికి ముందే తెలుసును, మరొకరికి తెలియదు. వ్రాసి చెప్పని కొలత తెలిసినవారికే ఉపయోగపడుతుంది. అందుచేత మూల్యాంకన ప్రమాణములను ముందుగా వ్రాసి ఇచ్చుట బోధనకు సంబంధించిన సౌకర్యము మాత్రమే కాదు, న్యాయమునకు సంబంధించిన విషయము కూడ.

మేము చెప్పదలచినది సంగ్రహముగా ఇది: కొలబద్ద పనికి ముందు చేతికి రావలెను, దిద్దుబాటు పని నడుస్తుండగా రావలెను, మార్కు అన్నిటికంటె చివర రావలెను. మన చదువులలో ఈ వరుస తరచుగా తలక్రిందులై ఉన్నది.

నిర్మల్ బొమ్మ ఎట్లు పరీక్షకు నిలుస్తుంది?

ప్రమాణమనగా ఏమో తెలుసుకొనుటకు దూరము పోనక్కరలేదు. బోథ్ నుండి నేరేడిగొండకు వచ్చి జాతీయ రహదారి వెంట దక్షిణముగా పోతే నిర్మల్ వస్తుంది. 2016 వరకు మన ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఆ ఏడు అక్టోబరు 11న ప్రత్యేక జిల్లా అయినది. అక్కడ కొయ్యబొమ్మలు చేసేవారిని నకాషీలంటారు. నక్కాష్ అనునది ఉర్దూ మాట. చిత్రము వేయుట, చెక్కుట వృత్తిగా గలవాడని అర్థము. తేలికయైన పొనికి కర్రను ఆరబెట్టి, అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపిన లప్పముతో అతికి, నునుపు చేసి, సుద్ద పూసి, దానిపై రంగు వేస్తారు. జంతువులు, పక్షులు, పండ్లు, కూరగాయలు నిజమైనవేనా అనిపించునట్లు తయారగుట ఈ బొమ్మల ప్రసిద్ధికి కారణము.

పనితనము తెలిసినవాడు ఇట్టి బొమ్మను చేతిలోనికి తీసుకొన్నప్పుడు ఏమేమి చూస్తాడు? కర్ర బాగుగా ఆరినదా, లేక తడి ఉండి ముందుముందు పగులునా? అతుకు కనబడుతున్నదా? వేలితో రాస్తే గరుకు తగులుతున్నదా? రంగు అంచు దాటినదా? చేయి చాచి దూరముగా పట్టుకొని చూస్తే అది మామిడిపండువలె ఉన్నదా, మామిడిపండు బొమ్మవలె ఉన్నదా? ఇవే ప్రమాణములు. ఎవరును వీటిని కాగితముపై వ్రాసి ఇవ్వకపోయినను, ఇంట పుట్టి వందల బొమ్మలను చూచి, చేసి, చెడగొట్టి, మరల చేసినందువలన పిల్లవాని చేతికి, కంటికి అవి అబ్బుతాయి.

విశ్వవిద్యాలయములో ఈ సౌకర్యము లేదు. ఒక సెమిస్టరులో విద్యార్థి చేయునవి మూడు నాలుగు పనులు మాత్రమే. వందల నమూనాలను చూచి మెల్లగా గ్రహించునంత కాలము అతనికి లేదు. కార్ఖానాలో చేయి నేర్పిన దానిని తరగతిలో మాట నేర్పవలెను. కనుకనే ప్రమాణములను వ్రాయవలసి వచ్చినది.

ఇక్కడ మూడు మాటలను వేరుచేసి చూడవలెను. కాగితము ఇంత పరిమాణములో ఉండవలెను, ఫలానా తేదీకి ఇవ్వవలెను అనునవి నియమములు. ఏ గుణమునుబట్టి పనిని తూచుతారో అది ప్రమాణము. ఆ గుణము ఎంతవరకు సాధించినారన్నది స్థాయి. చాలచోట్ల విద్యార్థికి ఇచ్చు కాగితములో నియమములు మాత్రమే ఉంటాయి. నియమములన్నిటిని పాటించిన విద్యార్థి, తనకు తక్కువ మార్కులు వచ్చినప్పుడు అన్యాయము జరిగినదని బాధపడతాడు. అతనికి ప్రమాణములు చెప్పలేదు, స్థాయిలు చూపలేదు. ఆ బాధలో అర్థము ఉన్నది.

చెంబునుండి నేర్చిన పాఠము

రూపకల్పనకు ప్రమాణములను ఎట్లు కనుగొనవలెనో మన దేశములోని ఒక సామాన్య వస్తువు ఆధారముగా చెప్పిన గ్రంథము ఒకటి ఉన్నది. భారత ప్రభుత్వము ఆహ్వానముపై అమెరికా దేశపు రూపశిల్పులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన దేశమునంతయు తిరిగి, 1958లో ఒక నివేదికను సమర్పించినారు. దాని ఫలితముగానే అహ్మదాబాదులోని సంస్థ వెలసినది. ఆ నివేదికలో వారు అన్నిటికంటె ఎక్కువగా మెచ్చుకొన్నది ఏ రాజభవనమునో కాదు. మన ఇంటి చెంబును.

చెంబును ఇప్పుడు క్రొత్తగా తయారుచేయవలసి వస్తే ఏమేమి ఆలోచించవలెనో వారు వరుసగా వ్రాసినారు. ఎంత నీరు పట్టవలెను? పట్టుకొను చేతులు ఎంతటివి, వాటి బలమెంత? తలపై మోస్తారా, చంకలో పెట్టుకొంటారా? నిండుగా ఉన్నప్పుడును, ఖాళీగా ఉన్నప్పుడును బరువు ఎక్కడ నిలుస్తుంది? వంచితే నీరు ఎట్లు జారుతుంది? లోపల కడుగుటకు చేయి దూరునా? వేడిని ఎట్లు ఆపుతుంది? తాకితే, కన్నులు మూసుకొని తడిమితే ఎట్లుంటుంది? మరొక పాత్రకు తగిలితే ఏమి శబ్దము చేస్తుంది? ఖరీదెంత? ఇట్లు సాగినది ఆ వరుస.

దీనిలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, చెంబు అందముగా ఉన్నదా అని వారు ఒక్క ప్రశ్నతో ఊరుకొనలేదు. అందమను పెద్దమాటను చేతితో, నీటితో, బరువుతో, ఖర్చుతో పరీక్షింపదగిన చిన్నచిన్న ప్రశ్నలుగా విడదీసినారు. రెండవది, ఆ ప్రశ్నలు అధ్యాపకుని ఇష్టమునుండి కాక, ఆ వస్తువును వాడు మనిషి జీవితమునుండి పుట్టినవి. మంచి ప్రమాణమునకు ఇదియే గుర్తు. 'సృజనాత్మకత, 25 మార్కులు' అని వ్రాసినంతమాత్రమున విద్యార్థికి దారి తెలియదు. 'ఈ చెంబును పదేండ్ల పిల్ల ఒక చేత్తో వంచగలదా?' అంటే తెలుస్తుంది.

చుక్క కొలత, యతి స్థానము

ప్రమాణములను వ్రాసిపెట్టుట పాశ్చాత్యులనుండి మనము క్రొత్తగా తెచ్చుకొన్న పద్ధతి అని భావించరాదు. మన కళాశాలలో వాడుకలోనున్న రెండు భాషలును దీనికి సాక్ష్యము.

క్రీ. శ. 940లో మరణించిన బాగ్దాదు లేఖకుడు ఇబ్న్ ముఖ్లా అక్షరములకు ఒక కొలతను ఏర్పరచినాడు. కలము మొనను అదిమితే పడే చుక్కయే ఆ కొలత. ఏ అక్షరము ఎన్ని చుక్కల ఎత్తు ఉండవలెనో, వంపు ఎంత ఉండవలెనో దానినిబట్టి నిర్ణయించినాడు. ఉర్దూ వ్రాతకు వాడు నస్తాలీఖులో అలిఫ్ సాధారణముగా మూడు చుక్కల ఎత్తు ఉంటుంది. ఖుష్‌ఖతీ అభ్యసించు విద్యార్థి తాను వ్రాసిన అక్షరము ప్రక్కన చుక్కలు పెట్టి, ఉస్తాదు చెప్పకముందే తన తప్పును తాను కనుగొనగలడు. కలము మారితే చుక్క మారుతుంది. చుక్కతోపాటు అక్షరము మారుతుంది. పొందిక మాత్రము మారదు. ఎంత గొప్ప ఊహ!

తెలుగు ఛందస్సు కూడ ఇట్టిదే. ఉత్పలమాల వ్రాసిన విద్యార్థి పాదములో 20 అక్షరములు ఉన్నవా, పదవ అక్షరమున యతి కుదిరినదా, రెండవ అక్షరమున ప్రాస నిలిచినదా అని వేళ్లపై లెక్కించి చూచుకొనగలడు. ఎవరిని అడుగనక్కరలేదు.

అయితే యతి తప్పని ప్రతి పద్యము కవిత్వము కాదు. చుక్కలు సరిపోయిన ప్రతి అక్షరము కళ కాదు. ప్రమాణములలో లెక్కించదగినవి కొన్ని, వివేచనతో నిర్ణయించవలసినవి కొన్ని. ఇల్లు గీసిన విద్యార్థి మెట్టు ఎత్తు సరిపోయినదా అన్నది కొలచి చూడవచ్చును. ఆ ఇంటి వాకిలి అతిథిని ఆహ్వానించునట్లున్నదా అన్నది కొలబద్దకు అందదు. చూచి, పోల్చి, చర్చించి నిర్ణయించవలెను. ప్రమాణముల పత్రములో ఏది ఏ కోవకు చెందినదో తెలుపుట మంచిది. మొదటి కోవలోనివాటిని విద్యార్థి తానే సరిచూచుకొని రావలెను. అప్పుడు గురువు సమయమంతయు రెండవ కోవకు మిగులుతుంది.

ఇస్లాహ్ సంప్రదాయము

ఇక దిద్దుబాటు సంగతి. ఫీడ్‌బ్యాక్ అని నేడు అందరు వాడు మాటకు ఉర్దూ సాహిత్యములో ఎంతో అందమైన పూర్వరూపము ఉన్నది. అది ఇస్లాహ్. బాగుచేయుట, సరిదిద్దుట అని దాని అర్థము. శిష్యుడు గజలు వ్రాసి ఉస్తాదుకు చూపుతాడు. ఉస్తాదు ఒక మాటను మార్చుతాడు, ఒక పాదమును కొట్టివేస్తాడు, ఒకదానిని మెచ్చుకొంటాడు. శిష్యుడు ఆ మార్పు ఎందుకు జరిగినదో ఆలోచించి తరువాతి గజలు వ్రాస్తాడు.

1831లో ఢిల్లీలో జన్మించిన దాగ్ దెహ్లవీ చివరికాలమున హైదరాబాదులో స్థిరపడి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు కవితాగురువై, 1905లో ఇక్కడనే మరణించినాడు. దూరదేశములనుండి కూడ శిష్యులు ఆయనకు టపాలో కవితలు పంపి దిద్దించుకొనేవారు. పంజాబునుండి అట్లు పంపినవారిలో యువకుడైన ఇక్బాల్ ఒకడు. కొంతకాలమునకే, ఇక దిద్దవలసినది పెద్దగా లేదని దాగ్ ఆయనకు తెలిపినట్లు 1924లో వెలువడిన 'బాంగె దరా' పీఠికలో అబ్దుల్ ఖాదిర్ వ్రాసినారు.

ఈ ఉదంతమునుండి రూపకల్పన విద్యకు మూడు సూత్రములు లభిస్తాయి. గజలు ముషాయిరాకు పోకముందే దిద్దుబాటు జరిగినది. అనగా మార్చుకొనుటకు వీలున్న సమయమున జరిగినది. గజలుకు నూటికి ఇన్ని మార్కులని వేసే ఆచారము ఇస్లాహ్‌లో లేదు. మాటయే అక్కడ ప్రధానము. అన్నిటికంటె ముఖ్యముగా, శిష్యునికి ఉస్తాదు అవసరము తీరిపోవుటయే ఇస్లాహ్ యొక్క లక్ష్యము. శిష్యుని జీవితకాలమంతయు దిద్దుతూనే ఉండవలసి వస్తే ఆ దిద్దుబాటు ఫలించలేదనియే చెప్పవలెను.

ఆస్ట్రేలియా దేశపు విద్యావేత్త రాయిస్ శాడ్లర్ 1989లో ప్రకటించిన వ్యాసములో ఈ భావమునే శాస్త్రీయముగా వివరించినారు. విద్యార్థి బాగుపడవలెనంటే మూడు జరుగవలెనని ఆయన చెప్పినారు. మంచి పని ఎట్లుంటుందో అతనికి తెలియవలెను. తన పనిని దానితో పోల్చి చూచుకొనగలుగవలెను. రెంటికి నడుమనున్న దూరమును తగ్గించుటకు ఏదైనా చేయవలెను. మూడవది జరుగనిచో గురువు చెప్పిన మాట ఎంత గొప్పదైనను అది సమాచారముగా మిగిలిపోతుంది, దిద్దుబాటు కాజాలదు.

మార్కు, మాట

మూల్యాంకనము రెండు విధములని 1967లో మైకేల్ స్క్రివెన్ విభజించినారు. పని నడుస్తుండగా దానిని బాగుచేయుటకు జరుగునది నిర్మాణాత్మక మూల్యాంకనము. పని ముగిసిన పిమ్మట దాని విలువ తేల్చుటకు జరుగునది సంగ్రహణాత్మక మూల్యాంకనము. మన పాఠశాలలలో చదివిన ప్రతి విద్యార్థికి ఎఫ్. ఏ., ఎస్. ఏ. అను పేర్లతో ఇవి పరిచితములే. కాని మొదటిదానికి కూడ మార్కులు వేసి రిజిస్టరులో ఎక్కించుటవలన, అది విద్యార్థుల దృష్టిలో మరొక చిన్న పరీక్షగానే నిలిచిపోతున్నది. పేరు మారినంతమాత్రమున పని మారదు.

మార్కును, మాటను కలిపి ఇస్తే ఏమగునో పరీక్షించినవారు ఉన్నారు. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ దేశపు పాఠశాల విద్యార్థులను మూడు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు మార్కులు మాత్రము, ఒక వర్గమునకు వ్యాఖ్యలు మాత్రము, మూడవ వర్గమునకు రెండును ఇచ్చి చూచినారు. తరువాతి పనిలో వ్యాఖ్యలు మాత్రమే పొందినవారు పైకి వచ్చినారు. వారి ఆసక్తియు నిలిచినది. రెండును పొందినవారికి ఆ మేలు కలుగలేదు. మార్కు కనబడిన పిమ్మట కన్ను వ్యాఖ్యపై నిలువదని దీనిని అర్థము చేసుకొనవచ్చును. వారు చిన్నతరగతుల పిల్లలు కనుక ఆ ఫలితమును విశ్వవిద్యాలయ విద్యార్థులకు యథాతథముగా అన్వయించరాదు. అయినను మాట ముందు, మార్కు తరువాత అను వరుసను పాటించుటవలన నష్టమేమియు లేదు.

ఒక ఉదాహరణము

ఇంతవరకు చెప్పినది ఆచరణలో ఎట్లుంటుందో ఒక ఊహాత్మక ఉదాహరణముతో చూతము. ఉర్దూ, తెలుగు విభాగములు గల వార్షిక సంచికకు అట్ట రూపొందించుట విద్యార్థులకిచ్చిన పని అనుకొందము. ఉర్దూ కుడినుండి, తెలుగు ఎడమనుండి చదువబడుతాయి గనుక ఇట్టి సంచికకు వెనుక అట్ట అనునది ఉండదు. రెండును ముందు అట్టలే. సులభముగా కనబడునే గాని, ఇది మంచి కఠినమైన పని.

ప్రమాణములు నాలుగు ఉండవచ్చును. పాఠకునికి ఉపయోగము 30 మార్కులు. రెండు లిపుల పొందిక 30. ముద్రణకు, ఖర్చుకు అనువు 20. పని జరిగిన తీరు 20. చివరిదానికి చిత్తుచిత్రములే సాక్ష్యము. ఒక్కొక్క ప్రమాణమునకు స్థాయిలను మాటలలో వ్రాయవలెను. లిపుల పొందికకు ఇట్లు వ్రాయవచ్చును. క్రింది స్థాయి: రెండు పేర్లును ఉన్నవి గాని, ఒకటి మరియొకదానికి తరువాత అతికించినట్లున్నది. నడిమి స్థాయి: రెండును సమానముగా చదువబడుతున్నవి గాని, రెండు అట్టలు రెండు వేరు పుస్తకములకు చెందినట్లున్నవి. పై స్థాయి: ప్రతి లిపి తన నడకను కోల్పోక నిలిచినది, రెండు అట్టలను చూచినవానికి ఇది ఒకే కళాశాల సంచిక అని తెలుస్తున్నది.

ఇప్పుడు ఒక విద్యార్థి చిత్తు తెచ్చినాడు. దానిపై గురువు 'బాగున్నది, ఇంకను కృషి చేయవలెను' అని వ్రాస్తే విద్యార్థి ఏమి చేయగలడు? 'ఉర్దూ పేరు సరిగా లేదు' అంటే తప్పు ఉన్నదని తెలుస్తుంది గాని దారి తెలియదు. గురువే కలము తీసుకొని దిద్ది ఇస్తే అట్ట బాగుపడుతుంది, విద్యార్థి బాగుపడడు.

వ్యాఖ్య ఇట్లుండవలెను: "మీరు రెండు పేర్లకును ఒకే ఎత్తుగల పట్టీని ఇచ్చినారు. తెలుగు పేరు, దాని వత్తులతో సహా, అందులో ఇమిడినది. నస్తాలీఖు మాట కుడినుండి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది కనుక అదే పట్టీలో ఇమడవలెనని అక్షరమును చిన్నది చేయవలసి వచ్చినది. అట్టను గోడకు ఆనించి పది అడుగుల దూరమునుండి చూడండి. ఉర్దూ పట్టీ ఎత్తును మార్చి మరి రెండు చిత్తులు వేసి, వాటిలో ఏది సమానముగా కనబడునో మీరే నిర్ణయించి, కారణము రెండు వాక్యములలో వ్రాయండి." ఇందులో కనబడిన విషయము ఉన్నది, దాని ఫలితము ఉన్నది, తరువాత చేయవలసిన పని ఉన్నది. నిర్ణయము మాత్రము విద్యార్థికే వదలినారు.

జ్యూరీ ముందు విద్యార్థి

అమెరికా దేశపు పండితుడు డోనాల్డ్ షోన్ 1983లో వెలువరించిన గ్రంథములో వాస్తుశిల్ప విద్యాలయమందలి ఒక సంభాషణను వివరముగా పరిశీలించినారు. ఏటవాలు నేలపై పాఠశాల భవనమును గీయబోయిన విద్యార్థిని, కట్టడము ఆ వాలుతో కుదరక చిక్కుబడి ఉన్నది. గురువు ఆమె చిత్రముపై పలుచని కాగితము పరచి, గీస్తూ, గీయుచున్నప్పుడే తన ఆలోచనను పైకి చెప్పుతాడు. ఇట్లు చేస్తే అక్కడ ఏమగును, అట్లు చేస్తే ఇక్కడ ఏమగును అని ఒక గీతనుండి మరొక గీతకు పోతాడు. విద్యార్థిని చూడవలసినది ఆ గీతలను కాదు, ఆ ఆలోచన నడిచిన తీరును.

జ్యూరీలో కూడ ఇదే దృష్టి కావలెను. తన పని గోడపై ఉన్నప్పుడు పలికిన ప్రతి మాట తనమీద తీర్పుగా విద్యార్థికి వినిపిస్తుంది. మనసు గాయపడినప్పుడు చెవి మూసుకొంటుంది. కనుక మాట్లాడునప్పుడు ఒక స్నేహితుడు ప్రక్కన కూర్చుండి జ్యూరీవారి మాటలన్నిటిని వ్రాసిపెట్టుట మంచి పద్ధతి. మరునాడు నిదానముగా వాటిని మూడుగా వేరుచేయవలెను: తప్పక మార్చవలసినవి, ఆలోచించదగినవి, అర్థము కానివి. ప్రతి మాట ప్రక్కన అది ఏ ప్రమాణమునకు చెందినదో వ్రాసుకొనవలెను. ఏ ప్రమాణమునకును చెందని మాట ఒక వ్యక్తి అభిరుచి కావచ్చును. దానిని గౌరవముతో విని, తన ఇష్టానుసారము చేయవచ్చును. అర్థము కానివాటిని గురించి సిగ్గుపడక తిరిగి అడుగవలెను. చివర, మార్పు జరిగిన చిత్రముతోపాటు ఏమి మార్చినాడో, ఏమి మార్చలేదో, ఎందుకో ఒక పుటలో వ్రాసి ఇవ్వవలెను.

మన విద్యార్థులకు భాషవలన మరొక చిక్కు ఉన్నది. వ్యాఖ్యలు ఆంగ్లములో వస్తాయి. మాట తెలియక తల ఊపి వచ్చినవానికి ఆ వ్యాఖ్యవలన ప్రయోజనము సున్న. వినిన దానిని ఆనాడే తెలుగులోనో, ఉర్దూలోనో, ఇంట మాట్లాడునది మరాఠీయో గోండీయో అయితే దానిలోనో తనకు తాను తిరిగి చెప్పుకొనవలెను. తన భాషలో చెప్పుకొనలేని సలహా తనకు ఇంకను అందలేదని గ్రహించవలెను.

కొన్ని ఆక్షేపణలు

ప్రమాణములను వ్రాసి ఇస్తే ఊహకు సంకెల పడుతుందని కొందరు అంటారు. ప్రమాణము ఫలితమును నిర్దేశించినచో ఈ మాట నిజమే. అట్టపై నెమలి ఉండవలెను, నీలిరంగు ఉండవలెను అంటే అది సంకెల. రెండు లిపులు తమ నడకను కోల్పోరాదు అంటే అది సంకెల కాదు, సమస్య. గణములు ఏర్పడి ఉన్నందున మన కవుల పద్యములన్నియు ఒకే తీరున లేవు గదా!

విద్యార్థులు పత్రమును ముందుంచుకొని మార్కులకోసమే పనిచేస్తారని మరికొందరి భయము. ఇందులో సత్యము కొంత ఉన్నది. పత్రమును ఇచ్చి ఊరుకొంటే అట్లే జరుగుతుంది. కనుక పని మొదలుపెట్టకముందు పాత పనులు రెండు మూడింటిని, చేసినవారి పేర్లు తొలగించి, విద్యార్థులచేతనే ఆ ప్రమాణములతో తూచించవలెను. ఇద్దరు ఒకే పనికి వేరు స్థాయిలు ఇచ్చినప్పుడు జరుగు వాదమే అసలు పాఠము. ఇతరుల పనిని న్యాయముగా తూచుట నేర్చినవాడు తన పనిని కూడ తూచగలుగుతాడు.

అధ్యాపకులకు తీరిక లేదన్నది మూడవ ఆక్షేపణ. అన్నిటికంటె బలమైనది కూడ. అరువదిమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరికి పుటెడు వ్యాఖ్య వ్రాయుట సాధ్యము కాదు. అయితే చివర వ్రాయు పది వాక్యములకంటె నడుమ చెప్పు రెండు వాక్యములు ఎక్కువ మేలు చేస్తాయి. అందరిలోను కనబడు లోపమును తరగతిలో ఒకేసారి చెప్పవచ్చును. లెక్కించదగిన ప్రమాణములను విద్యార్థులు పరస్పరము సరిచూచుకొనవచ్చును. ఇవి పాటిస్తే అధ్యాపకుని శ్రమ పెరుగదు. శ్రమ పడు సమయము మాత్రము చివరినుండి నడుమకు మారుతుంది.

కళాశాల సమితికి మనవి

ఈ పద్ధతి డిజైన్ విద్యాలయములకే పరిమితము కాదు. డిగ్రీ తరగతులలోని ప్రాజెక్టు పనికి, ప్రయోగశాల రికార్డుకు, వ్యాసరచన పోటీకి, ఈ సంచికకు పంపు రచనలకు కూడ ఇది వర్తిస్తుంది. కళాశాల సమితివారి ముందు నాలుగు చిన్న సూచనలు ఉంచుతున్నాము. విద్యార్థులు చేయవలసిన ప్రతి పెద్ద పనికిని ఒక పుటకు మించని ప్రమాణముల పత్రము, తెలుగులోను ఉర్దూలోను, పనితోపాటే ఇవ్వవలెను. పని సగము జరిగినప్పుడు మార్కులు లేని ఒక పరిశీలన తప్పనిసరిగా జరుగవలెను. విద్యార్థుల అనుమతితో మంచివి, మధ్యరకమువి అయిన పాత పనులను గ్రంథాలయములో ఒక బీరువాలో భద్రపరచవలెను. ఏడాదికి ఒకమారు నిర్మల్ నకాషీ కార్ఖానాకు విద్యార్థులను తీసుకొనిపోయి, పనివారు బొమ్మను ఎట్లు చూస్తారో, ఏది తీసిపెట్టుతారో, ఎందుకో అడిగి వ్రాసుకొనునట్లు చేయవలెను. వీటిలో చివరిదానికి బస్సు ఛార్జీ తప్ప వేరు ఖర్చు లేదు.

విద్యార్థి మిత్రులారా! సమితివారు నిర్ణయించువరకు మీరు వేచి ఉండనక్కరలేదు. ఈసారి ఏ పనియైనా ఇచ్చినప్పుడు, మార్కులు ఎన్ని అని అడుగుటకు ముందు, ఇందులో ఏమేమి చూస్తారని అడగండి. జవాబును వ్రాసుకొని ఎదుట పెట్టుకోండి. పని ముగిసిన నాడు కాక, సగము అయిన నాడే తీసుకొనిపోయి చూపండి. చెప్పిన మాటలలో ఒక్కదానినైనా ఆచరించి మరల చూపండి. ఇట్లు మూడు నాలుగు పనులు చేసినవానికి తన పనిని తాను తూచుకొను కన్ను ఏర్పడుతుంది. ఆ కన్ను ఉన్నవాడు హైదరాబాదులో జ్యూరీ ముందు నిలిచినను, ఇంకెక్కడ నిలిచినను తడబడడు. అట్టి విద్యార్థులు మన ప్రాంతమునుండి ఎక్కువమంది రావలెనని ఆశిస్తున్నాము.